రోజుకు ఐదు యూనిట్ల తేడా

"పోయిన మూడు నెలల కరెంటు బిల్లులు ఇవ్వండి మేడం, మీకు ఎన్ని కిలోవాట్లు కావాల్నో అయిదు నిమిషాల్లో చెప్పేస్తా" అన్నాడు ఆత్మకూరు నుంచి వచ్చిన సోలారు షాపతను. నాకు అక్కడే ఒళ్లు మండింది. ఇరవై ఆరేళ్లుగా హైస్కూలు పిల్లలకు లెక్కలు చెబుతున్న మనిషిని. పుస్తకం చివర జవాబు చూసుకుని, దానికి తగ్గట్టు లెక్క అల్లే పిల్లల్ని కొన్ని వందల మందిని పట్టుకున్నాను. ఇప్పుడు ఇతనెవరో నా ఇంటికే వచ్చి, నా సోఫాలో కూర్చుని, నేనిచ్చిన కాఫీ తాగుతూ, జవాబు చూసి లెక్క చేస్తానంటాడా?

"బిల్లులో యూనిట్లు ఉంటాయి గానీ కారణాలు ఉండవు గదా బాబూ" అన్నాను.

బిల్లులైతే ఇచ్చాను. మేలో రెండు వందల పది, జూన్‌లో రెండు వందల ఎనభై, జూలైలో మూడు వందల నలభై. ఒక కిలోవాట్ సోలారు పలకలు రోజుకు సుమారుగా నాలుగు యూనిట్లు ఇస్తాయట. "మీ వాడకం పెరగతా ఉండాది మేడం, మూడు కిలోవాట్లకు తక్కువైతే చాలదు" అని తేల్చేశాడు. మా ఆయన వెంటనే సరే అనేశాడు. ఆయన ఉదయగిరి నుంచి నెల్లూరు పోయే బస్సులో కండక్టరు. ఎవరు ఏ ఊరి పేరు చెబితే ఆ ఊరికి టికెట్ కొట్టి ఇవ్వడం తప్ప, నువ్వెందుకు పోతున్నావని అడిగే అలవాటు లేదు.

నేను ససేమిరా అన్నాను. మా ఇంట్లో ఉండేది ముగ్గురం. నేను, మా ఆయన, మా అత్త. ఏసీ లేదు. గీజరు ఉంది గానీ, మా ఊరి ఎండలకు మిద్దె మీది ట్యాంకులో నీళ్లు వాటంతటవే కాగిపోతాయి, దాని స్విచ్చి మీద దుమ్ము పేరుకుని ఉంది. ఇలాంటి ఇంటికి రోజుకు పదకొండు యూనిట్లా! ఎక్కడో దుబారా జరుగుతోంది. దాన్ని పట్టుకుని ఆపేస్తే రెండు కిలోవాట్లు బ్రహ్మాండంగా సరిపోతాయి. దుబారా కోసం కూడా పలకలు కొని, మిద్దెకెక్కించి, వారం వారం కడుగుతూ కూర్చోమంటే ఎలా? "పది పన్నెండు రోజులు ఆగు, లెక్క కట్టి నేనే ఫోన్ చేస్తా" అని చెప్పి అతన్ని పంపించేశాను.

మా అత్త తన గదిలో మంచం మీద నుంచి అంతా వింటూనే ఉంది. డెబ్బై ఆరేళ్ల మనిషి, మోకాళ్లు మొరాయించాయి గానీ చెవులు మాత్రం పాము చెవులు. అతను గేటు దాటాడో లేదో పిలిచింది.

"ఏందమ్మాయ్, యా గదిలో ఎంత కాలతాదో గూడా తెలిసిపోతాదా?"

"తెలిసిపోతాది అత్తా. యా గదిలో, యా గంటకు, దేనికి ఎంత కాలిందో మొత్తం తేలిపోతాది."

"గంట గూడానా!" అంది. ఆవిడ ముఖంలో రంగులు మారాయి. నా విద్యకు దక్కిన గౌరవం అనుకుని మురిసిపోయాను.

ఇక్కడే మీకొక సంగతి చెప్పేయాలి. నాకైతే రెండు వారాలు పట్టింది గానీ, మీరు కూడా నాలాగా వెర్రిమొహం వేసుకుని తిరగాల్సిన పనిలేదు. నేను పొద్దున ఎనిమిదికి స్కూటీ ఎక్కి దుత్తలూరు దారి పడితే, మళ్లీ గడప తొక్కేది సాయంత్రం అయిదున్నరకు. ఈ మధ్యలో, రెండు నుంచి అయిదు దాకా, మా వీధిలోని ఆరుగురు ఆడవాళ్లు మా అత్త గదిలో కొలువు తీరేవాళ్లు. మధ్యలో మంచం, మంచం మీద మా అత్త. మా మామ పోయాక, గుడికీ సంతకూ తిరిగే కాళ్లు కూడా మూలబడ్డాక, ఆవిడకు మిగిలిన రాజ్యం అదొక్కటే. నా లెక్క తేలితే నాకు మిగిలేది ఒక కిలోవాట్. ఆవిడకు పోయేది ఆ మధ్యాహ్నాలు. ఆ సంగతి ఆవిడకు మొదటి రోజే అర్థమైపోయింది, నాకే కాలేదు.

మర్నాడే పని మొదలుపెట్టాను. ఇంట్లో కరెంటు తాగే ప్రతి వస్తువునూ తిరగేసి, వెనకాల అంటించిన చీటీ చదివి, వాట్లు రాసుకున్నాను. ఫ్రిజ్జు వెనక చీటీ చదవడానికి దాన్ని గోడ నుంచి లాగితే, ఆరేళ్ల క్రితం పోయిందనుకుని పనిమనిషిని అనుమానించిన నా వెండి పిన్నీసు దొరికింది. ఆ మాట చెబుదామంటే ఆమె ఇప్పుడు కలిగిరిలో ఉంది. మిక్సీని బోర్లించబోతే మూతలోంచి అల్లం పచ్చడి నా చీర మీద పడింది. అయినా వదల్లేదు. వాట్లను గంటలతో గుణించి, వెయ్యితో భాగించి, ఒక్కొక్కదాని కింద గీత గీశాను. ఫ్రిజ్జుకు ఒకటింబావు. ఫ్యాన్లు మూడింటికీ రెండుంబావు. మా అత్త కూలరుకు నాలుగు గంటల లెక్కన అరకు కాస్త పైన. నీళ్ల మోటరు, టీవీ, లైట్లు, ఇస్త్రీపెట్టె, అన్నీ కూడితే ఆరు యూనిట్లకు కూడా కాస్త తక్కువే.

మీటరేమో పదకొండు అంటోంది. తేడా ఐదు.

రెండుసార్లు కూడాను. మూడోసారి మా ఆయన చేత కూడించాను. ఆయనకూ అదే వచ్చింది. రోజుకు ఐదు యూనిట్లంటే మాటలా? మా ఇంటి పక్కన ఇంకో ఇల్లు, కంటికి కనపడకుండా, మా మీటరు మీదే బతుకుతున్నట్టు లెక్క.

అప్పుడు పాత బిల్లుల్లో నాకొక విచిత్రం కనిపించింది. మే నెలలో, రోడ్డు మీద కాలు పెడితే బొబ్బలెక్కే ఎండల్లో, మా బిల్లు రెండు వందల పదే. బడి తెరిచాకే పెరిగింది. మేలో నాకు సెలవులు, పొద్దస్తమానం ఇంట్లోనే ఉన్నాను. నాకు ఒక్కసారిగా వెలుగు కనపడింది.

"చూసినారా! నేను ఇంట్లో ఉంటే దుబారా ఉండదు. నేను బయటికి పోతేనే పెరగతా ఉండాది. నా అజమాయిషీ విలువ ఇప్పుడన్నా తెలిసిందా?" అని మా ఆయన్ని నిలదీశాను.

ఆయన దగ్గాడు. మంచినీళ్లు తాగాడు. మళ్లీ దగ్గాడు. "అంతే అయ్యుంటాదిలే" అన్నాడు.

ఆ మే నెలంతా మా అత్త ముఖం మాడ్చుకుని కూర్చుంటే, పాపం ఎండలకు అనుకున్నాను గానీ, నేను ఇంట్లో ఉండడమే ఆవిడ బాధ అని నాకు తోచనే లేదు.

అనుమానం వచ్చాక ఆగే మనిషిని కాను. ప్రతి గదిలో ఒక నోటు పుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్సిలు వేలాడదీశాను. స్విచ్చి వేస్తే ఒక గీత, ఆపితే ఇంకో గీత. పొద్దున బయలుదేరే ముందు ఒకసారి, సాయంత్రం వచ్చీ రాగానే ఒకసారి మీటరు చూసి రాసుకోవడం మొదలుపెట్టాను. సాయంత్రం హెల్మెట్ కూడా తీయకుండా మీటరు ముందు నిలబడి అంకెలు చదువుతుంటే వీధిలో పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు.

వారం తిరిగేసరికి సంగతి తేలింది. రాత్రిపూట వాడకం నా లెక్క ప్రకారమే ఉంది. తేడా అంతా పగలే. అదీ పనిదినాల్లోనే. ఆదివారం నేను ఇంట్లో ఉంటే రోజు మొత్తానికి ఆరే. అంటే దొంగకు ఆదివారం సెలవు. వాడెవడో నా టైంటేబుల్ ప్రకారం నడుచుకుంటున్నాడు.

ఎదురుగా కొత్త ఇల్లు కడుతున్నారు. అక్కడి నుంచి నల్ల వైరు ఒకటి మా ప్రహరీ మీదుగా పోతూ కనిపించింది. అంతే, ఒంటికాలి మీద లేచాను. మేస్త్రీని పిలిచి, "ఏమయ్యా, మా కరెంటు లాక్కోని ఇల్లు కట్టేస్తా ఉండావా? నేను స్కూలుకు పోయింది చూసుకోని కొక్కెం తగిలిస్తా ఉండావా?" అని వీధంతా వినపడేలా దులిపేశాను. అతను చేతిలో తాపీ కింద పెట్టి, నిమ్మళంగా నన్ను వెంటబెట్టుకుని పోయి, తన సొంత మీటరు చూపించాడు. ఆ వైరు కేబుల్ టీవీది. నాకు ముఖం చెల్లలేదు.

"మా జోలి మాకే సాలతా ఉండాదమ్మా. అయినా మద్యాన్నం మీ ఇంట్లోనే గదా..." అని ఏదో చెప్పబోయాడు.

"అమ్మాయ్! పాలు పొంగిపోతా ఉండాయి!" అని లోపలి నుంచి మా అత్త పెద్ద కేక పెట్టింది. పరిగెత్తాను. పాల గిన్నె ఇంకా ఫ్రిజ్జులోనే ఉంది. వయసు మీద పడిందిలే, మతిమరుపు అనుకుని వదిలేశాను. లెక్కల టీచరుకు ఇంతకన్నా పెద్ద సూచన ఎవరిస్తారు? అయినా బుర్రకెక్కలేదు.

తర్వాత మీటరునే అనుమానించాను. తెలిసిన లైన్‌మన్ని పిలిపిస్తే, మెయిన్ ఆపి చూశాడు, ఒక్క లైటు వేసి చూశాడు, మోటరు వేసి చూశాడు. ఎప్పుడు తిరగాలో అప్పుడే తిరుగుతోంది. "మీటరు బంగారం మాదిరి ఉండాది మేడం. తేడా ఉంటే ఇంట్లోనే ఉండాది" అని టీ తాగి పోయాడు. పోతూ పోతూ మా అత్త గది వైపు చూసి ఎందుకు నవ్వాడో అప్పుడు నాకు తెలియలేదు.

ఆ సాయంత్రం నోటు పుస్తకాలు దిద్దడానికి కూర్చున్నాను. మా ఆయనది అడ్డదిడ్డంగా ఉంది, ఒక రోజు ఫ్యాను వేసినట్టు గీత ఉంది, ఆపినట్టు లేదు. సహజంగా ఉంది. మా అత్త పుస్తకం తెరిచాను. ఆవిడ చదువుకోలేదు, గీతలు మాత్రం ముగ్గు వేసే చేతితో తీరుగా గీసింది. ఫ్యానుకు రెండు, కూలరుకు రెండు, టీవీకి రెండు. ఏడు రోజులూ అంతే. ఒక్క గీత ఎక్కువ లేదు, తక్కువ లేదు. నాకు అప్పుడు వెలిగింది. ఏడు లెక్కలకూ ఒకే జవాబు ఉందంటే, ఆ పిల్ల లెక్క చేసి రాసినట్టు కాదు, కూర్చుని ఒకేసారి కాపీ కొట్టి పారేసినట్టు.

బుధవారం ఒంటిపూట సెలవు పెట్టాను. రెండున్నరకల్లా వీధి మొదట్లో స్కూటీ ఆపేసి, చప్పుడు లేకుండా తోసుకుంటూ వచ్చాను. వీధి తలుపు లోపల గడియ వేసి ఉంది. చుట్టూ తిరిగి పెరట్లోకి పోతే, బట్టలుతికే బండ పక్కన ఒక గోనెసంచి పరిచి ఉంది. ఎత్తి చూశాను. కింద ఆరు జతల చెప్పులు, వరసగా.

లోపలికి అడుగు పెట్టాను. హాల్లో ఫ్యాను, గదిలో ఫ్యాను, దానికి తోడు కూలరు. టీవీలో సీరియల్లో ఎవరో ఏడుస్తున్నారు. వంటింట్లో గ్రైండరు, మాది రెండు లీటర్లదే, దాన్నిండా అంచు దాకా పిండి, అది మా పిండి కాదు. వాషింగ్ మెషిన్ తిరుగుతోంది, లోపల నాకు తెలియని లుంగీలు. ప్లగ్గు ఉన్న ప్రతిచోటా ఒక సెల్‌ఫోను చార్జింగులో ఉంది. హాలు మధ్యలో పొడుగాటి మనిషి ఒకామె దుప్పటి మడిచి వేసుకుని చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది, పక్కన అయినవి ఓ గుట్ట, కావాల్సినవి ఇంకో గుట్ట. నన్ను చూసి ఇస్త్రీపెట్టె గాల్లోకి ఎత్తి అట్లాగే నిలబడిపోయింది. మా అత్త మాత్రం మంచం మీద నుంచి కదల్లేదు.

"ఏందమ్మాయ్, ఇంత బిరీన వచ్చినావు? ఒళ్లు బాగలేదా?"

"నా ఒళ్లు బాగానే ఉండాది అత్తా. మీటరుకే జరమొచ్చింది!"

ఇస్త్రీ ఆమె పెట్టెను మెల్లగా పక్కన పెట్టి, "టీచరమ్మా, అరవబాకండి" అంది. "మా ఇండ్లల్లో నెలకు మూడొందల యూనిట్లు దాటితే పింఛన్లు ఎత్తేస్తారంట గదా. ఆ భయానికి మేం ఇస్త్రీపెట్టె గూడా ఎక్కియ్యం. మీకైతే ఆ బాధ లేదు. గవర్నమెంటు ఉద్యోగం. మీ ఇంటికి పింఛను రాదు, రేషన్ కార్డూ లేదు. మీ మీటరు ఎంత తిరిగినా పోయేదేంది?"

నేను నోరెళ్లబెట్టాను. ఇన్నాళ్లూ వీధిలో అందరూ నన్ను చూసి గౌరవంగా పలకరిస్తుంటే నా చదువుకు అనుకున్నాను. కాదు, వీధి మొత్తానికి భయం లేని మీటరు నాదొక్కటే.

"సరే, మీ ఇంట్లో నెలకు ఎంత కాలతాది?" అని అడిగాను.

"నూట ఇరవై."

"నూట ఇరవై కాల్చేదానికి మూడొందలు దాటతాదని భయమా?"

"దాటితే?" అంది ఆమె.

ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఇంత గట్టి ప్రశ్న నన్నెవరూ అడగలేదు. దాంతో కోపం రెట్టింపయింది. రెండు వారాలుగా మేస్త్రీతో మాట పడి, లైన్‌మన్ ముందు వెర్రిదాన్నై, తప్పు లేని లెక్కను పదిసార్లు దిద్దుకున్న కసి అంతా కక్కేశాను. "ఇది ఇల్లనుకున్నారా, ఇంకేమన్నానా? రేపట్నుంచి ఈ గుమ్మం తొక్కబాకండి!" అనేశాను.

ఆరుగురూ లేచారు. ఒకామె సగం రుబ్బిన పిండిని గిన్నెలోకి ఎత్తుకుంది. ఒకామె నీళ్లు కారుతున్న లుంగీలను మెషిన్లోంచి పిండుకుంది. ఇస్త్రీ ఆమె రెండు గుట్టలూ కలిపి మూట కట్టింది. పెరటి దారిన పోయారు. వాళ్లు పోయాక మా అత్త గోడ పట్టుకుని లేచింది. కూలరు ఆపింది. ఫ్యాను ఆపింది. టీవీ ఆపింది. హాల్లోకి వచ్చి అక్కడి ఫ్యానూ ఆపింది. చివరికి నేను వంటింట్లో అప్పుడే వేసుకున్న లైటు కూడా ఆపి, మంచం మీదికి పోయి గోడ వైపు తిరిగి పడుకుంది.

సాయంత్రం మా ఆయన డ్యూటీ దిగి రాగానే జరిగిందంతా ఏకరువు పెట్టాను. "ఓహో, అట్నా" అన్నాడు. ఆ గొంతులో ఆశ్చర్యం ఒక్క చుక్క కూడా లేదు.

"మీకు ముందే తెలుసా?"

"రెస్టు రోజుల్లో ఇంట్లోనే ఉంటా గదా."

"మరి నాకెందుకు చెప్పలా? నా చేత రెండుసార్లు కూడించి, మూడోసారి మీరూ కూడి, మేస్త్రీ మీదికి పంపించి..."

"మా అమ్మ ఒట్టేయించుకునింది. పైగా ఆ పొడుగాటామె పెట్టే టీ శానా బాగుంటాది" అన్నాడు. ఆ రోజు ఆయనకు నేను టీ పెట్టలేదు.

మర్నాటి నుంచి మీటరు బుద్ధిగా మారింది. గురువారం ఆరు. శుక్రవారం అయిదు చిల్లర. నా పట్టికలో ఉన్నదున్నట్టు, అక్షరాలా. ఎగిరి గంతేయాలనిపించింది. షాపతనికి ఫోన్ చేసి రెండు కిలోవాట్లు చాలని చెప్పి, అతని అయిదు నిమిషాల లెక్కను కడిగి ఆరేద్దామని ఫోను చేతిలోకి తీసుకున్నాను.

చార్జరు కోసం మా అత్త గదిలోకి పోయాను. ఆవిడ చీకట్లో విసనకర్రతో విసురుకుంటూ కూర్చుని ఉంది. కూలరు వేశాను. చెయ్యి చాచి ఆపేసింది. మళ్లీ వేశాను. మళ్లీ ఆపింది.

"ఎందుకు ఆపతా ఉండావు అత్తా? నీ కూలరు నా లెక్కలో ఉండాది. నాలుగు గంటలు రాసి పెట్టినాను."

"ఒక్కదానికి ఎందుకులే" అంది.

"ఒక్కదానివైతే చెమట పట్టదా?"

ఆవిడ విసరడం ఆపింది. "అమ్మాయ్, రెండు నించి అయిదు దాకా ఆ గోడ గడియారం జూస్తా కూర్చున్నా. రెండు రోజులు. ముల్లు కదలా. నీకు స్కూల్లో మున్నూరు మంది పిలకాయలు. వాడికి బస్సు నిండా జనం. నాకెవురుండారు జెప్పు? నాకు కూలరొద్దు, టీవీ వద్దు. వాళ్లొస్తారని మద్యాన్నం ఒక కోక మార్చుకునేదాన్ని. ఇప్పుడు దేనికి మార్చుకునేది?"

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సిగ్గేసింది. పధ్నాలుగేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం, సాయంత్రం నేను వచ్చేసరికి ఆవిడ ఉతికిన చీరతో, తల దువ్వుకుని ఉండేది. అది నా కోసమనే అనుకునేదాన్ని. ఫోను అట్లాగే పక్కన పెట్టేశాను.

శనివారం రెండో శనివారం, సెలవు. భోజనాలయ్యాక ఇస్త్రీ ఆమె ఇంటికి నేనే పోయాను. ఆమె ఫ్యాను వేసుకోకుండా గడప మీద కూర్చుని చెమటలు కారుస్తోంది. నన్ను చూసి లేచి నిలబడింది గానీ లోపలికి రమ్మనలేదు.

"మేం రాం టీచరమ్మా. గుమ్మం తొక్కబాకండి అన్నారు గదా."

తప్పైపోయింది అని చెబుదామనే పోయాను. కానీ బెంచీ ఎక్కించడం అలవాటైన నోటికి దిగడం అంత తొందరగా రాదు. "లెక్క తప్పైపోయింది" అన్నాను. "మీరు రాకుంటే కుదరదు. యా మిషను ఎంతసేపు తిరగతాదో మీరొచ్చి తిప్పితేనే నేను రాసుకునేది. సోలారు ఎంత పెట్టాల్నో అప్పుడే తెలిసేది."

ఆమె తెలివైన మనిషి. నేను ఏ తప్పు గురించి మాట్లాడుతున్నానో తెలిసి కూడా తెలియనట్టే ఉంది.

"మా పేర్లు రాస్తారా?"

"పేర్లు రాయను. మిషన్లే రాస్తా."

"ఒట్టు?"

"ఒట్టు." ఆ ఒట్టు వల్లే ఇక్కడ కూడా ఒక్క పేరూ రాయడం లేదు.

ఆదివారం రెండు గంటలకు ఆరుగురూ వచ్చారు. ఈసారి వీధి తలుపు నుంచే. టీచరమ్మ లెక్కకు సాయం చేయాలి కదా, ఉత్త చేతులతో రాలేదు. ఇస్త్రీ ఆమె చొక్కాలతో పాటు ఇంట్లోని దుప్పట్లు, చివరికి కిటికీ కర్టెన్లు కూడా తెచ్చింది. పిండి ఆమె రెండిళ్ల బియ్యం నానబోసి తెచ్చింది. ఒకామె ఏడాదికి సరిపడా ఎండుమిరపకాయలు మిక్సీకి తెచ్చింది. నేను వాకిలి దగ్గర కుర్చీ వేసుకుని, ఒళ్లో పుస్తకం పెట్టుకుని కూర్చున్నాను. వాళ్ల శ్రద్ధ ఏం చెప్పమంటారు! నా పదో తరగతి పిల్లల్లో సగం మందికి ఉన్నా జిల్లా ఫస్టు మాదే.

"టీచరమ్మా, ఇస్త్రీపెట్టె ఎక్కిచ్చినా, రాసుకోండి."

"మిక్సీ ఆపినా. మళ్లీ వేస్తా, కొట్టేయబాకండి."

మిరప్పొడి ఘాటుకు ఇల్లంతా దగ్గుతోంది. మా ఆయన ఇంటి బయట అరుగు మీద కూర్చుని, పొడుగాటామె పెట్టిన టీ తాగుతూ, దగ్గుతూ, మహా ఆనందంగా ఉన్నాడు. మా అత్త మంచం మీద ఉతికిన చీరతో కూర్చుంది. నాతో మాత్రం ఇంకా ముక్తసరే, అవసరమైతే మా ఆయన చేత చెప్పిస్తోంది. మిగతా అందరికీ ఆజ్ఞలు మాత్రం ఆగడం లేదు. "అది వేడెక్కలా, ఆగు." "ఆ మిరపకాయలు ఒకేసారి పొయ్యబాక, మిక్సీ కాలిపోతాది." నాలుగు గంటలకు మీటరు చూసి వచ్చాను. అంకె చూసి నాకు కళ్లు తిరిగాయి గానీ, సాయానికి వచ్చినవాళ్లు మొదటి రోజు కాస్త ఎక్కువ చేస్తారని సర్దుకున్నాను.

సరిగ్గా అప్పుడే షాపతను ఫోన్ చేశాడు. గ్రైండరు మోతకు ఒక్క ముక్కా వినపడక స్పీకరు పెట్టాను. ఇస్త్రీ ఆమె చెయ్యి ఎత్తగానే అందరూ నోరు మూసేశారు, గ్రైండరు మాత్రం తిరుగుతూనే ఉంది.

"ఏం తేలింది మేడం? రెండా, మూడా?"

"మూడే పెట్టు బాబూ" అన్నాను.

"నేను ఆ రోజే జెప్పినా గదా మేడం" అన్నాడు. పళ్లు నూరుకుని ఊరుకున్నాను. "ఫారంలో నింపాల, ఇంట్లో ఎంతమంది ఉంటారు మేడం?"

ముగ్గురం అనబోయాను. అందరూ నా వైపే చూస్తున్నారు. మా అత్త చూడడం లేదు, చీర కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ తల వంచుకుని ఉంది. నేను ఒక్కొక్కరినే చూసుకుంటూ, మనసులో లెక్కపెట్టుకున్నాను.

"తొమ్మిది మందిమి."

"తొమ్మిదా?" అన్నాడు అతను. "ఆ రోజు వచ్చినప్పుడు అంతమంది కనపడలేదే."

"తొమ్మిదే. రాసుకో."

మంచం మీద నుంచి, అందరి మధ్యా చిన్న గొంతుతో, నన్నే ఉద్దేశించి, మా అత్త అడిగింది.

"నన్ను గూడా కలుపుకోనేనా, కలుపుకోకుండానా?"

"నిన్ను కలుపుకోనే అత్తా. నువ్వు లేకుంటే వీళ్లంతా ఈడికి ఎందుకొస్తారు?"

ఆవిడ కొంగు వదిలేసింది. నా వైపు చూడబోయి, చూడలేక, గబుక్కున వంటింటి వైపు తిరిగింది. "ఏందిమే, అట్ట నోరు తెరుచుకోని జూస్తా ఉండారు? ఎవురన్నా పోయి ఆ గ్రైండరు ఆపండి, పిండి వేడెక్కిపోతా ఉండాది!" అని కసిరింది. నేనే లేచి పోయి ఆపేసి వచ్చి, గ్రైండరు నలభై నిమిషాలు అని పుస్తకంలో రాసుకున్నాను.